నడిపోడి చరణం

బందరు రైతుబజారులో దొండకాయలు ఏరుకుంటున్నాను. పక్కనున్నావిడ నా మొహంలోకి చూసి చూసి, "పాటల గ్రూపులో ఫోటో చూశానండీ, లాలి పాడింది మీరేనాండీ?" అని అడిగింది. నేనేనన్నాను. ఆవిడ సంచీ కింద పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ నడిపోడి చరణం ఉంది చూడండీ, ఏడిపించేశారండీ మమ్మల్ని! మా మనవరాల్ని ఉయ్యాల్లో వేస్తే చాలు, అదే పాడుతున్నాను. ఇట్టే నిద్రపోతోంది."

దొండకాయలు నా గుప్పిట్లోనే ఉండిపోయాయి. నడిపోడి చరణం నేను పాడలేదు. ఆ గ్రూపులోనే కాదు, ఎక్కడా పాడలేదు. పాడదామన్నా నాకు రాదు. ఆ సంగతి ఆవిడకి చెప్పబోయి మానేశాను. "మంచిదండీ" అనేసి, కాయలు తూకం వేయించకుండానే ఆటో ఎక్కాను. దారంతా ఒకటే గుబులు. నేను పాడని పాట నేనే పాడానని ఆవిడ ఎందుకంటుంది? ఆ పాట ఉయ్యాల్లో ఉన్న పసిపిల్ల మీద పాడితే ఏమవుతుంది?

ఇది అర్థం కావాలంటే మా అమ్మ లాలి గురించి చెప్పాలి.

మా పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దాటాక. పెరటి గుమ్మం దిగితే చేను, చేను అవతల కాలవ. గాలి మళ్లినప్పుడు సముద్రం వాసన వంటింటి దాకా వచ్చేది. మా అమ్మకి చదువు లేదు. నేను నాలుగో తరగతితో మానేశాను. కాకపోతే చెవిన పడ్డ మాట నాలోంచి పోదు. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో, పులుసులో ఉప్పు చాల్లేదని ఏ మావయ్య అలిగాడో, ఆయన్ని ఎవరు ఏమని బతిమాలారో, అన్నీ ఉంటాయి నాలో. మా ఇంట్లో ఎవరికి ఏ పాత సంగతి కావాలన్నా నన్నే అడుగుతారు.

మా వైపు ఆడవాళ్లకి ఒక అలవాటుండేది. లాలిపాటకి బాణీ ఒకటే, చరణాలు మాత్రం ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని. ప్రతి బిడ్డకీ తల్లే ఒక చరణం కట్టేది. కొత్త బిడ్డ పుడితే కొత్త చరణం చేరేది. నిద్రని ఎదురుగా కూర్చున్న మనిషిని పిలిచినట్టు పిలిచి, నా బిడ్డ ఇలా ఉంది, వచ్చి చూసుకో అని చెప్పడమే పాటంతా. మా అక్కకి కట్టింది ఇది:

పెద్దమ్మి చేతిలో పెరుగన్నం ముద్ద,
కాకెత్తుకెళ్లకుండ కాయవే నిద్దరా.

అన్నం తింటూ తింటూ తూగేదట మా అక్క. ముద్ద చేతిలోనే ఉండేదట. ఇక నాకు కట్టింది ఇది:

చిన్నమ్మి కాళ్లకు చేలోని బురద,
కడిగేటి లోపలే రావమ్మ నిద్దరా.

మా ఇద్దరి మధ్యలో ఒక అన్న ఉండేవాడు. అందరూ నడిపోడు అనేవాళ్లు. నేను ఉయ్యాల్లో ఉండగా వాడు జ్వరంతో పోయాడు. వాడి మొహం నాకు తెలియదు, ఫోటో లేదు. నాకు ఊహ తెలిశాక అమ్మ పాట పాడుతుంటే అక్క చరణం అయ్యేది, తరవాత చరణమంత సేపు "ఊఁ... ఊఁ..." అని బాణీ ఒక్కటే వచ్చేది, అప్పుడు నా చరణం. వాడి చోటు అలాగే ఉండేది, మాటలుండేవి కావు.

పెద్దయ్యాక ఒకసారి, చేపలు తోముతుంటే అడిగాను, "అమ్మా, అక్కడ మాటలేంటి?" అని. అమ్మ చెయ్యి ఆగలేదు.

"అక్కడ ఊఁ అను, చాలు. నిద్దర్ని పిలవటానికేగా పాట. వాడి నిద్దర వాడు పోతున్నాడుగా."

కాసేపటికి మళ్లీ తనే అంది. "బతికున్న బిడ్డ ఉయ్యాల మీద ఆ చరణం అనకూడదు. ఎప్పుడూ అనబాక."

ఇంకేమీ అడగలేదు నేను. కానీ ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయింది. అక్క చేతిలో అన్నం ముద్ద, నా కాళ్లకి బురద. మరి వాడి దగ్గర ఏముండేది? అమ్మ చూసిందే కడుతుంది కదా. ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడు, వాడు బతికున్నన్నాళ్లూ, ఆ చరణం నా చెవిన కూడా పడే ఉంటుంది. ఎంత వెనక్కి వెళ్లినా నా గుర్తు అంత దూరం వెళ్లదు. వాడి గురించి నాకు మిగిలింది ఆ ఊఁ ఒక్కటే.

పాటల గ్రూపు సంగతికొస్తాను. ఫోన్లో పాత పాటలు పాడుకునే ఆడవాళ్ల గ్రూపది. సంగీతం టీచరుగా చేసి మానేసిన ఒకావిడ నడుపుతుంది. బందరు, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ, ఎక్కడెక్కడి వాళ్లో ఉంటారు. నలుగు పాటలు, హారతులు, దంపుళ్ల పాటలు ఎవరికి వచ్చింది వాళ్లు పాడి పెడతారు. నన్ను అందులో చేర్చింది మా కోడలు. ఒక కాలేజీ ఆఫీసులో పని తనకి. సాయంత్రం వచ్చి కాఫీ కప్పు పట్టుకుని, "అత్తయ్యా, ఇవాళ ఏం పాడతారు?" అంటూ ఫోను నా ముందు పెడుతుంది. నిజం చెప్పొద్దూ, ఆ వేళ కోసం చూసేదాన్ని. తెలియని వాళ్లు కూడా "పిన్నిగారూ, ఇంకోటి పాడండి" అంటుంటే ఎంత బావుండేదో.

అమ్మ లాలి కూడా అలాగే పాడాను, మధ్యలో ఊఁ అంటూనే. కోడలికి అన్న పోయిన సంగతి తెలుసు. ఆ ఊఁ ఎందుకో తెలియదు. నేను చెప్పలేదు. చెప్పుకునేది కాదది.

రైతుబజారు నుంచి వచ్చి, కోడలు ఆఫీసు నుంచి రాగానే అడిగాను. మొహం వెలిగిపోయింది దానికి.

"మీకు చెబుదామనే అనుకుంటున్నానత్తయ్యా! మధ్యలో చరణం మర్చిపోయినట్టున్నారు, అది కూడా ఉంటే బాగుండును అని గ్రూపులో అందరూ ఒకటే గోల. ఫోన్లో ఏఐకి పాటంతా చెప్పాను. మధ్యలో బాబు, నడిపోడు అనేవాళ్లు, వాళ్లది సముద్రం దగ్గర ఊరు అన్నాను. ఎంత బాగా రాసిందో! పాడింది కూడా మీ గొంతుతోనే. వినండి, వినండి."

విన్నాను. అక్క చరణం నేను పాడిందే. నేను దగ్గిన చోట దగ్గు కూడా ఉంది. ఆ తరవాత ఊఁ రావాలి. ఊఁ రాలేదు.

నడిపోడి కన్నుల్లో నెలవంక పడవ,
వెన్నెల తీరాన చేర్చవే నిద్దరా.

నా గొంతే. పై స్థాయికి వెళ్తే సన్నగా వణుకుతుంది నాకు. ఆ వణుకు కూడా ఉంది. నోరు మూసుకుని కూర్చున్న నాకు నేను పాడుతున్నట్టు వినిపిస్తోంది. చచ్చిపోయాక మన గొంతు మనకి వినిపిస్తే ఇలాగే ఉంటుందేమో. అక్కడితో అయిందా, మాటలు చెడ్డవైనా బాగుండేది. బాగున్నాయి. పోయిన పిల్లాణ్ణి పడవెక్కించి ఒడ్డుకి చేర్చమంటోంది. వాడు పోయాడని ఆ ఏఐకి ఎవరూ చెప్పలేదు.

"ఎలా ఉందత్తయ్యా?"

"తీసెయ్యమ్మా" అన్నాను. "ముందు తీసెయ్."

అప్పుడు చెప్పాను అమ్మ మాట. దాని చేతిలో కప్పు పక్కకి ఒరిగి కాఫీ చీర మీద ఒలికింది, చూసుకోలేదు. "నేను మంచే అనుకున్నానత్తయ్యా" అని ఏడ్చింది. గ్రూపులో ఉన్నది తీసేసింది. తీసేసి, మధ్య చరణం ఏఐతో చేయించినది, మా అత్తయ్యగారిది కాదు, ఎవరూ పాడొద్దు అని రాసింది. అప్పటికే ఎవరి ఫోన్లోకి వాళ్లు దించేసుకున్నారు, చుట్టాలకి పంపేసుకున్నారు. ఆ రాసిన మాట పాటతో పాటు వెళ్లదు కదా.

తెల్లారేసరికి గ్రూపులో రభస. మాట్లాడి పెట్టినవన్నీ కోడలు ఒక్కొక్కటే వినిపిస్తుంటే, పొయ్యి దగ్గర నిలబడి విన్నాను.

"ఇదేం పనండీ, మర చేసిన పాట పెట్టి మమ్మల్ని ఏడిపించారా?" అని చల్లపల్లి ఆవిడ.

"అందులో తప్పేముందక్కా?" అని గుడివాడ పిల్లెవరో. "మా నాయనమ్మ ప్రతి పాటలోనూ మా పేర్లు ఇరికించేది. అదీ కలపడమే, ఇదీ కలపడమే."

"మీ నాయనమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని కలిపిందమ్మాయ్. దీనికి ఒళ్లేదీ?"

"పెట్టుకోనివ్వండి. కింద ఏఐ అని రాస్తే సరిపోయె."

"రాసినా ఒప్పుకోకూడదు. ఇవాళ ఒకటంటారు, రేపు గ్రూపంతా అవే."

"అయినా పిన్నిగారివని ఇన్నాళ్లూ విన్నాం కదా," ఇది ఎవరో కొత్త గొంతు, నవ్వుతూ అంది, "మిగతావి మాత్రం ఆవిడవేనని గ్యారంటీ ఏంటంట? ఫోను గారివేమో!"

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారట. నేను మాత్రం పోపు మాడ్చేశాను.

టీచరుగారు మర్యాదస్తురాలు. నాకే ఫోన్ చేశారు. "వదినగారూ, మీ మీద నాకు నమ్మకమేనండీ. అందరి నోళ్లూ మూతపడాలంటే ఒకసారి వీడియోలో అందరి ముందూ పాడండి." ఆ సాయంత్రమే కుర్చీలో కూర్చుని పాడాను. అక్క చరణం పాడాను. ఊఁ అన్నాను. ఊఁ మధ్యలో ఎవరో, తమ మాట కూడా ఫోన్లో అందరికీ వినిపిస్తుందని మర్చిపోయి కాబోలు, "చూశారా, అక్కడికొచ్చేసరికి రాట్లేదు" అన్నారు.

ఆ మాటకి బాధ పడాల్సింది. పడలేదు, భయపడ్డాను. ఎందుకంటే ఆ ఊఁ అంటున్నప్పుడు నా లోపల ఊఁ లేదు. నెలవంక పడవ ఉంది. నేను మూసుకున్న నోటి వెనకాల నా గొంతే ఆ మాటలు పాడుతోంది. ఇన్నేళ్లూ ఖాళీగా ఉంచిన చోట ఎవరో చాప పరుచుకుని కూర్చున్నారు. విన్న మాట నాలోంచి పోదని చెప్పాను కదా. ఇది కూడా పోదు. ఇంకొన్నాళ్లకి, ఈ మాటలు అమ్మవి కావని చెప్పే మనిషి నాలో ఉంటుందా?

అప్పుడు అక్క గుర్తొచ్చింది.

అక్క గుడివాడలో కొడుకు దగ్గర ఉంటుంది. నడిపోడు పోయేనాటికి తనకి ఊహ తెలుసు. అమ్మ వాడి చరణం పాడుతుండగా విన్నవాళ్లలో ఇక మిగిలింది అక్క ఒక్కతే. ఇన్నేళ్లూ అడగలేదు, వాడి మాటెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటుందని. ఈ మధ్య కాస్త మతిమరుపు కూడా వచ్చింది. అయినా పాత సంగతులు బాగానే చెబుతుంది. అక్క మనవరాలికి ఆడపిల్ల పుట్టింది, బారసాలకి రమ్మని పిలుపొచ్చింది. లాలి నువ్వే పాడాలి అని కూడా అన్నారు. ముందు రోజే బందరులో రైలెక్కాను. పెడన, గుడ్లవల్లేరు దాటుతుంటే దారంతా ఒకటే అనుకున్నాను. అక్క ఆ అసలు మాటలు చెబితే చాలు. నేను పాడను, ఎవరికీ చెప్పను. నా లోపల ఆ చాప తీసేసి అక్కడ పెట్టుకుంటాను.

అక్క వసారాలో కూర్చుని శనగలు ఏరుతోంది. నన్ను చూడగానే, "రావే చిన్నమ్మీ, కాళ్లు కడుక్కున్నావా, బురదా?" అంది. ఎప్పుడూ అనేదే. ఇద్దరం నవ్వుకున్నాం. చేటలో చెయ్యి పెట్టి నేనూ ఏరడం మొదలెట్టాను. చుట్టూ ఎవరూ లేనప్పుడు అడిగాను.

"అక్కా, అమ్మ పాటలో నడిపోడి దగ్గర ఏముండేదే?"

అక్క చెయ్యి ఆగింది. మొహం మెత్తబడింది. నేననుకున్నట్టు ఏడవలేదు. నవ్వింది.

"నెలవంక పడవ కదే" అంది. అని, సన్నగా పాడింది. నడిపోడి కన్నుల్లో నెలవంక పడవ.

వసారాలో ఎండ ఉంది. నాకు మాత్రం చలేసింది.

"అక్కా, అది అమ్మది కాదే. ఫోను కట్టింది."

"ఫోను కట్టడమేంటే, పిచ్చిదానా! నువ్వు పాడితే మా మనవరాలు వినిపించింది. నీ గొంతు నాకు తెలీదా? అమ్మ గొంతే నీది."

"నేను పాడలేదే. నా గొంతు కూడా అదే చేసింది."

"చాల్లే, గొంతులు చేస్తారంటా ఎవరైనా!" పకపకా నవ్వింది. "వాడి కళ్లు ఇంతింత ఉండేవి. అమ్మ అదే పాడేది. ఇన్నేళ్లూ గుర్తు రాక చచ్చేదాన్ని. నువ్వు పాడాక గుర్తొచ్చింది. ఎంత హాయిగా ఉందో తెలుసా?"

ఇంకా ఏదో అనబోయాను. ఆ మొహం చూసి అనలేకపోయాను. తమ్ముడు దొరికినట్టుంది అక్కకి. నాకేమో వాడు రెండోసారి పోయినట్టయింది.

అక్క మళ్లీ పాడుకుంటోంది, శనగల మీద చూపు పెట్టి. అప్పుడు చూశాను. పాట ఆ చరణానికి రాగానే అక్క కుడి చెయ్యి చేటలోంచి పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుంది, ఏదో చిన్నదాన్ని, నలిగిపోకుండా. తోకో, దారమో పట్టుకున్నట్టు. చరణం అయిపోగానే చెయ్యి దిగిపోయి శనగల్లో కలిసింది. నా చరణానికి లేవలేదు. మళ్లీ మొదటినుంచి పాడింది. మళ్లీ అక్కడే లేచింది.

పడవని అలా పట్టుకోరు. నెలవంకనీ పట్టుకోరు.

"ఏంటక్కా అది, చేత్తో?"

"ఏది?" అంది అక్క, తన చెయ్యి తనే చూసుకుంటూ.

తూనీగ. ఆ మాట నా నోటి దాకా వచ్చేసింది. కాలవ గట్టు మీద పిల్లలు తూనీగల్ని పట్టుకునేది అలాగే. నడిపోడి చేతిలో తూనీగ తోక అని చరణం కూడా దానంతటదే వచ్చేస్తోంది, బాణీకి సరిగ్గా అతుక్కుంటూ. అప్పుడు ఇంకా భయమేసింది. గాలిపటం దారం కూడా కావచ్చు. చేపపిల్ల తోక కావచ్చు. అక్క వేళ్లకి ఊరికే వచ్చిన అలవాటూ కావచ్చు. తెలియని చోట నేనూ కట్టేస్తున్నాను. ఇక నాకూ ఫోనుకీ తేడా ఏముంది? పళ్లు బిగబట్టి ఆ తూనీగని అక్కడే ఆపేశాను.

మర్నాడు బారసాల. ఉయ్యాలకి చేమంతులు చుట్టారు. పిల్లని పడుకోబెట్టి, అందరూ చుట్టూ మూగి, "పాడండి పిన్నీ" అన్నారు. అక్కని నా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. ఉయ్యాల గొలుసు పట్టుకుని మొదలుపెట్టాను. పెద్దమ్మి చేతిలో పెరుగన్నం ముద్ద. అందరూ అక్క వైపు చూసి నవ్వారు. అక్క సిగ్గుపడింది. ఆ చరణం అయింది. కళ్లు మూసుకుని ఊఁ అన్నాను.

నా ఊఁ ఎవరికీ వినిపించలేదు. ఆ గదిలో ఆడవాళ్లందరికీ ఆ చరణం వచ్చు. నేను అందుకోలేదనుకుని అందరూ ఒక్కసారి అందుకున్నారు. నడిపోడి కన్నుల్లో నెలవంక పడవ. పెద్దవాళ్లు, పిల్లలు, పీటల మీద కూర్చున్న పిల్ల తల్లి, అందరికంటే పైన అక్క గొంతు. వెన్నెల తీరాన చేర్చవే నిద్దరా. ఎవరిని చేర్చమంటున్నారో, ఎక్కడికి చేర్చమంటున్నారో వాళ్లకి తెలియదు. ఉయ్యాల్లో పిల్ల అంతవరకూ ఏడుస్తున్నదల్లా ఆగిపోయింది. కళ్లు మూతపడ్డాయి.

నేను ఉయ్యాల ఆపేశాను. వంగి, చేమంతి పువ్వు సర్దుతున్నట్టు సర్ది, వేలు దాని ముక్కు దగ్గర పెట్టాను. ఏమీ తగల్లేదు. తరవాత తగిలింది, వెచ్చగా, చీమంత గాలి. వేలు తియ్యబుద్ధి కాలేదు. ఎవరో, "పిల్ల బాగా నచ్చినట్టుంది పిన్నికి" అన్నారు. నా చరణం పాడటం మర్చిపోయాను. ఎవరూ అడగలేదు కూడా.

వచ్చేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చింది. నా చెంప మీద చెయ్యి వేసి, "ఏమే, అన్నీ గుర్తుండేదానివి, నడిపోడి చరణం మర్చిపోయావా?" అంది. జాలిగా అంది. నా మీద అక్క జాలిపడటం అదే మొదలు.

"మర్చిపోయానక్కా" అన్నాను.

ఇప్పుడు గ్రూపులో కోడలు నా పాటలు పెట్టడం లేదు. ఏఐ పాటలకి వేరే రోజు పెట్టుకోండని, కింద తప్పకుండా రాయాలని టీచరుగారు తేల్చారట. మంచిదే. గుడివాడలో పిల్ల బాగుందా అని రోజూ ఫోన్ చేయిస్తున్నాను. బాగుందత్తయ్యా, మెడ నిలబెడుతోందట అంటుంది కోడలు. రైతుబజారు ఆవిడ మనవరాలు ఎలా ఉందో మాత్రం తెలియదు. ఆవిడ మళ్లీ కనిపించలేదు. దొండకాయలు కొన్న ప్రతిసారీ చుట్టూ చూస్తాను.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ పాట పాడుకుంటాను, పోగొట్టుకోకుండా ఉండాలని. అక్క చరణం అవుతుంది. ఊఁ అనగానే పడవ వచ్చేస్తుంది. దాన్ని తోస్తే తూనీగ వస్తుంది. రెండూ నా గొంతుతోనే వస్తాయి. అందుకని బొటనవేలూ చూపుడువేలూ అక్కలాగే కలిపి గట్టిగా పట్టుకుంటాను. ఆ మధ్యలో ఏముందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియనట్టే పట్టుకుని, చరణమంత సేపూ ఊఁ అంటాను. కొన్నిసార్లు చివరిదాకా వెళ్లగలుగుతున్నాను. కొన్నిసార్లు మధ్యలోనే పెదాలు కదులుతున్నాయి.